గొలుసు లెక్క

మా ఆఫీసు బోర్డు మీద కౌంటీ ఇంజనీర్ అని రాసి ఉంటుంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. 1935 దాకా ఇక్కడ, అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ఆ కుర్చీ పేరు కౌంటీ సర్వేయర్. రాష్ట్రం పుట్టిన 1803లోనే పుట్టిన ఉద్యోగం, 1831 నుంచి ఓట్లేసి ఎన్నుకునేది. సర్వేయరు ఎలక్షన్లో నిలబడతాడంటే అమ్మ నమ్మలేదు. "ఓటేసినోళ్లకి నాలుగు గజాలు ఎక్కువ కొలుస్తాడేమోరా!" అంది. ఇంజనీరు లైసెన్సు, సర్వేయరు లైసెన్సు రెండూ ఉంటేనే పోటీకి అర్హత అని చెప్పాక కాస్త ఊరుకుంది.

పాత సర్వే పుస్తకాలు చదివి, ఆ కొలతల్ని కంప్యూటర్ మ్యాపులోకి ఎక్కించడం నా పని. మొదటి వారమే ఒక పేజీలో గొలుసులు, లింకులు కనిపించాయి. పక్క సీటు కుర్రాడు ఫోన్లో వెతుక్కుంటున్నాడు. నాకా అవసరం లేకపోయింది. గొలుసుకి 66 అడుగులు, వంద లింకులు. పది చదరపు గొలుసులైతే ఎకరం. వెయ్యి చదరపు లింకులైతే సెంటు. 1984లో కరణీకాలు రద్దయ్యేదాకా మా తాతయ్య నోట్లో నానిన లెక్కే. ఈ గొలుసును 1620 ప్రాంతంలో లండన్‌లో తయారుచేసినాయన ఎడ్మండ్ గంటర్. మాది గుంటూరు జిల్లా అంటే, ఆ పేరు ఆయన మీదుగా వచ్చిందేమో అనుకున్నాడు మా సీనియర్ సర్వేయరు. వారం రోజులు నేనూ కాదనలేదు.

మా కౌంటీ మధ్యలో సయోటో నది. తూర్పున అంతా గళ్లు: 1785 చట్టం ప్రకారం ఆరు మైళ్ల చదరాలు, ఒక్కోదాంట్లో 36 సెక్షన్లు, సెక్షన్‌కి 640 ఎకరాలు. పడమర నేల వర్జీనియా సైనికులకు ఇచ్చింది. అక్కడ గళ్లూ లేవు, గీతలూ లేవు. హద్దంటే తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలై రెండు హికరీ చెట్ల దాకా, అక్కణ్నించి వాగు వెంట. ఆ చెట్లు కూలి ఎన్నాళ్లయిందో!

అలాంటి ఒక పొలం హద్దు నా మ్యాపులో మొదలైన చోటికి తిరిగి రాలేదు, కొన్ని అడుగులు తేడా. అంకెలు సర్దేసి ముడి కలిపేశాను. సీనియర్ చూసి నవ్వలేదు. "దిక్సూచి ఉత్తరం ఏటేటా జరుగుతుంది, పాత గొలుసు సాగుతుంది. కాబట్టి ముందు రాయి, తర్వాతే అంకె" అని బండెక్కించాడు. మొదటి సర్వేయరు పాతిన గుర్తు దొరికితే, కాగితం మీద కొలత తప్పినా హద్దు అదేనట ఇక్కడి చట్టంలో.

మొక్కజొన్న చేను గట్టున ఇనుప చువ్వతో గుచ్చుకుంటూ పోయాం. మధ్యాహ్నానికి ఠంగుమంది. మూరెడు లోతున రాయి, నెత్తిన చెక్కిన శిలువ గుర్తు.

రైతు ట్రాక్టర్ ఆపి దిగొచ్చాడు. రాయి వంక చూడలేదు, నా మొహంలోకి చూశాడు.

"ఎటు జరిగింది?"