రద్దు కాని సర్క్యులర్లు

ఈరోజు కొత్త ఆర్డర్ ఒక్కటీ తయారు కాలేదు. పొద్దుటి నుంచి పాతవాటిని రద్దు చేయడంతోనే సరిపోయింది. కొత్త సర్క్యులర్ రాయమంటే మా సెక్షన్‌లో ఎవరైనా అరగంటలో రాసిస్తారు. పైనుంచి వచ్చినదాన్ని చూసి నాలుగు పేరాలు కట్టి, కింద "తు.చ. తప్పకుండా పాటించవలెను" అని పెడితే అయిపోతుంది. అదే "ఫలానా పాత సర్క్యులర్ నేటి నుంచి చెల్లదు" అన్న ఒక్క వాక్యం రాయమనండి, ఎవరికీ చెయ్యి ఆడదు. అది రాయాలంటే ఆ పాతది ఎక్కడుందో, దాన్ని పట్టుకుని ఇంకేమేం వేలాడుతున్నాయో తెలియాలి కదా.

జిల్లా పోలీసు ఆఫీసులో నా సీటు పని ఇదే. పైనుంచి వచ్చే స్టాండింగ్ ఆర్డర్లు, మెమోలు, ఏ పని ఎలా చేయాలో చెప్పే ఎస్‌ఓపీలకు నంబర్లు వేసి స్టేషన్లకు పంపాలి. ఏది అమల్లో ఉందో, ఏది లేదో రిజిస్టర్‌లో చూపించాలి. యూనిఫాం లేదు, లాఠీ లేదు. పోలీసు డిపార్ట్‌మెంట్‌లో పని అని చెబితే చుట్టాలు మాత్రం వెంటనే చలానా సంగతి ఎత్తుతారు.

2024 జూలై 1న కొత్త చట్టాలు అమల్లోకి వచ్చినప్పుడు అందరూ నేరాలు, శిక్షలు చెప్పే ఐపీసీ పోయి బీఎన్‌ఎస్ వచ్చిందని సెక్షన్ల పట్టికలు బట్టీ పట్టారు. నా బీరువాలో ఉన్నవేమో విధానం గురించిన కాగితాలు. అంటే అరెస్టు, దర్యాప్తు ఎలా చేయాలో చెప్పే సీఆర్‌పీసీ మీద ఆధారపడినవి. అది పోయి బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది. ఆ కాగితాల్లో ప్రతి పేరాలోనూ పాత నంబర్లే.

అన్నిటికంటే ప్రమాదం 173తో. పాత చట్టంలో ఎఫ్‌ఐఆర్ 154, చార్జిషీట్ 173. కొత్తదాంట్లో ఎఫ్‌ఐఆర్ 173, చార్జిషీట్ 193. తెలియని నంబరు కనిపిస్తే మనిషి ఆగి పుస్తకం తీస్తాడు. తెలిసిన నంబరే ఇంకో అర్థంతో కనిపిస్తే ఆగడు, చదువుకుంటూ పోతాడు. "173 కింద నివేదిక ఆలస్యం కారాదు" అని ఒక పాత సర్క్యులర్ ఉంది. కొత్తగా వచ్చిన ప్రొబేషనరీ ఎస్‌ఐకి అది ఎఫ్‌ఐఆర్ గురించి చెబుతున్నట్టు అనిపిస్తుంది. స్టేషన్లో రాతపని చూసే, రిటైర్మెంట్‌కి దగ్గర పడ్డ రైటర్‌కి చార్జిషీట్ గుర్తొస్తుంది. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుంటారు.

మా కంప్యూటర్ ఆపరేటర్ కుర్రాడు హుషారుగా వచ్చాడు. "మేడమ్, అన్నీ వర్డ్‌లోనే ఉన్నాయిగా, ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టేద్దాం. పది నిమిషాల పని."

"సరే, ముందు ఏది మారుస్తావు?" అన్నాను.

"154ని 173 చేస్తా. తర్వాత 173ని 193 చేస్తా."

అని, తనే ఆగిపోయాడు. అలా చేస్తే మొదటి దెబ్బకి మారిన ఎఫ్‌ఐఆర్లు కూడా రెండో దెబ్బకి చార్జిషీట్లయిపోతాయి. వరస తిప్పి చేద్దామన్నాడు. నంబర్ల వరకు అది నిజమే. కానీ లోపల విషయం కూడా మారింది కదా. ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలన్నది ఇప్పుడు చట్టంలోనే ఉంది. ఆన్‌లైన్‌లో సమాచారం పంపితే మూడు రోజుల్లోగా ఫిర్యాదుదారు సంతకం తీసుకుని నమోదు చేయాలి. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాలైతే, డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసుకోవచ్చు. పాత సర్క్యులర్‌కి నంబరు ఒక్కటి మార్చి పంపితే, కొత్త ముఖం పెట్టుకున్న పాత మాటే స్టేషన్‌కి చేరుతుంది.

పోనీ పాతవన్నీ చింపి పారేద్దామా అంటే కుదరదు. 2024 జూలై 1 నాటికి దర్యాప్తులో ఉన్న కేసులు సీఆర్‌పీసీ ప్రకారమే నడవాలని కొత్త చట్టంలో 531 చెబుతోంది. నేరం అంతకు ముందు జరిగి, ఫిర్యాదు తర్వాత వస్తే శిక్షకు ఐపీసీ, విధానానికి కొత్త చట్టం. కాబట్టి పాత ఫార్మాట్లు ఉండాలి, కానీ ఎవరి చేతికీ సులువుగా దొరకకూడదు. అందుకని వాటికి వేరే ఫోల్డర్ పెట్టించి, ప్రతి పేజీ పైన "జూలై 1కి ముందు కేసులకు మాత్రమే" అని పెద్దక్షరాలతో వేయించాను. కుర్రాడికి ఆ పని నచ్చలేదు. మొహంలోనే కనపడింది.

మధ్యాహ్నమంతా సోదాల సర్క్యులర్ తినేసింది. అందులో సగం బాగానే ఉంది. ఇద్దరు మధ్యవర్తులుండాలి, పంచనామా అక్కడికక్కడే రాయాలి, జాబితా కాపీ ఇంటివాళ్లకు ఇవ్వాలి. అవేవీ పోలేదు. కానీ కొత్త చట్టంలోని 105 ప్రకారం సోదా, స్వాధీనం మొత్తం ఆడియో, వీడియో తీయాలి, ఆ రికార్డింగ్‌ను ఆలస్యం లేకుండా మేజిస్ట్రేట్‌కి పంపాలి. పాత సర్క్యులర్‌లో ఆ ఊసే లేదు. ఇలాంటివాటికి "పాక్షిక సవరణ" అని ఇంకో కాగితం ఇచ్చి ఊరుకోవడం మా అలవాటు. అప్పుడు ఎస్‌ఐ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చదవాలి. రాత్రి పదకొండు గంటలకి, జీపు స్టార్ట్ చేసి పెట్టి, ఎవరు చదువుతారు? నేనైతే సవరణలన్నీ మానేసి మొత్తం తిరగరాసి ఒక్క కాగితం ఇవ్వాలంటాను. మా అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్, ఏఓ గారికి ఇది చాదస్తం. "చిన్న మార్పుకి అంత పెద్ద కాగితమెందుకమ్మా" అంటారు. ఈరోజు మాత్రం ఎందుకో వాదించకుండా సంతకం పెట్టేశారు.

అరెస్టులో పోలీసులు ఏమేం పాటించాలో సుప్రీంకోర్టు చెప్పిన డి.కె. బసు తీర్పు ప్రకారం ఇచ్చిన సర్క్యులర్ ఫైలు అడుగున దొరికింది. కాగితం పసుపెక్కి, మడత దగ్గర చిరిగింది. వయసు చూసి రద్దు జాబితాలో వేద్దామని పక్క సీటావిడ అంది. తీర్పు 1996 డిసెంబరుది నిజమే, కానీ ఒక్క ముక్క కూడా పాతబడలేదు. అరెస్టు మెమో రాయాలి, దాని మీద కుటుంబ సభ్యుడో స్థానికంగా పరువున్న మనిషో సాక్షి సంతకం పెట్టాలి, అరెస్టు చేసినవాళ్ల పేరు స్పష్టంగా కనపడాలి. ఇప్పుడివి చట్టంలోనే 36 కింద ఉన్నాయి. దాన్ని జాగ్రత్తగా తిరగరాయించాను. కాగితం వయసు చూసి చెల్లుబాటు తేల్చేవాళ్లు మా ఆఫీసులో తక్కువేం కాదు.

నోటీసుల సంగతి రాయకపోతే ఈరోజు పూర్తికాదు. ఒక స్టేషన్ రైటర్ గారు ఫోన్ చేశారు.

"మేడమ్, 41ఏ నోటీసు వాట్సాప్‌లో పంపొచ్చని మెమో ఉంది మా దగ్గర. కోర్టులో ఒప్పుకోలేదు."

ఆ మెమో కరోనా రోజులది. రద్దు చేస్తూ కాగితం వెళ్లింది కూడా. 41ఏ అంటే అరెస్టు చేయకుండా విచారణకు రమ్మని పోలీసులిచ్చే నోటీసు, కొత్త చట్టంలో అది 35(3) అయింది. ఆ నోటీసును వాట్సాప్‌లోనో ఇతర ఎలక్ట్రానిక్ పద్ధతిలోనో ఇస్తే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. కోర్టు సమన్లు ఎలక్ట్రానిక్‌గా పంపడానికి కొత్త చట్టం ఒప్పుకుంటుంది, కాబట్టి ఇదీ పంపొచ్చులే అనుకుంటారు. అది వేరు, ఇది వేరు. ఈ నోటీసుకు స్పందించకపోతే మనిషి అరెస్టయ్యే అవకాశం ఉంది, అందుకే చేతికివ్వాలి.

"రద్దు కాగితం రాలేదా మీకు?" అన్నాను.

"వచ్చింది మేడమ్. చదివి అందరం సంతకాలు కూడా పెట్టాం."

నిజమే. ఆ సంతకాల కాగితం నా ఫైల్లోనే ఉంది. స్టేషన్లో ఉన్న ప్రతి ఒక్కరూ చదివి అర్థం చేసుకున్నట్టు వరసగా సంతకాలు, అన్నీ ఒకే పెన్నుతో.

"మరి నోటీసు ఎలా వెళ్లింది?"

"కంప్యూటర్లో పాత ఫార్మాట్ ఉంది కదా మేడమ్. కింద 'వాట్సాప్ ద్వారా పంపడమైనది' అని ముందే టైపై ఉంటుంది. పేరు, క్రైమ్ నంబరు మార్చి ప్రింట్ తీశాం."

ఆయన అమాయకంగానే చెప్పారు. నాకు మాత్రం మిగతా సాయంత్రమంతా అదే తిరిగింది బుర్రలో. స్టేషన్లో అసలు విధానం మా సర్క్యులర్ కాదు, రైటర్ కంప్యూటర్లో ఉన్న ఫార్మాట్. ఎఫ్‌ఐఆర్, చార్జిషీట్ లాంటివి స్టేషన్లన్నిటినీ కలిపే సీసీటీఎన్‌ఎస్ అనే కంప్యూటర్ వ్యవస్థలో తయారవుతాయి కాబట్టి పైనుంచి మారిస్తే అన్ని చోట్లా మారతాయి. నోటీసులు, మెమోలు, కవరింగ్ లెటర్లు అలా కాదు. ఒక రైటర్ బదిలీ అయితే పెన్‌డ్రైవ్‌లో ఆయన వెంట ఇంకో స్టేషన్‌కి వెళతాయి. అక్కడివాళ్లు కాపీ చేసుకుంటారు. మేము ఇక్కడ రిజిస్టర్‌లో ఎర్ర ఇంకుతో కొట్టేసిన మెమో అక్కడ నిక్షేపంగా బతికి ఉంటుంది. డిఫెన్స్ లాయర్‌కి దొరికేదీ అదే. కోర్టులో దర్యాప్తు అధికారిని బోనులో నిలబెట్టి "మీ డిపార్ట్‌మెంట్ ఆర్డర్ ఏం చెబుతోంది, మీరేం చేశారు" అని అడిగితే, సంతకాల కాగితం మమ్మల్ని కాపాడదు. చదివాను అని సంతకం పెట్టి కూడా పాటించలేదని అదే రుజువు అవుతుంది.

అందుకే సాయంత్రం అడిషనల్ ఎస్పీ సార్ దగ్గరికి ఫైలు పట్టుకెళ్లి ఒక మాట అడిగాను. ఇకనుంచి ప్రతి కొత్త సర్క్యులర్ మొదటి పేరాలోనే ఏ పాతవి రద్దవుతున్నాయో నంబరు, తేదీతో రాయాలి, ఫార్మాట్ మారితే ఆ ఫైలు సర్క్యులర్‌తో పాటే వెళ్లాలి, పాత ఫైలు తీసేశామని స్టేషన్ అధికారి (ఎస్‌హెచ్‌ఓ) రాసి పంపాలి. సార్ మొత్తం విని, చివరి ముక్క కొట్టేశారు. "రాసి పంపమంటే రాసే పంపుతారమ్మా, తీసేయరు. రైటర్లనే పిలిపించండి, పెన్‌డ్రైవ్‌లు తెమ్మనండి."

నాకు తట్టలేదు గానీ, సార్ చెప్పిందే సరైన పని.

పై ఆఫీసు ఇచ్చినవి మేము రద్దు చేయలేం. అలాంటివి కొన్ని మిగిలాయి. కొత్త చట్టం వచ్చాక వాటిని ఎలా పాటించాలో స్పష్టత ఇవ్వమని లెటర్లు పెట్టాను. జవాబు వచ్చేదాకా రిజిస్టర్‌లో "పరిశీలనలో" అని ఉంటాయి. సమాచార హక్కు చట్టం 4(1)(బి) కింద వెబ్‌సైట్‌లో పెట్టాల్సిన మాన్యువళ్ల జాబితాలో కూడా అవి అలాగే ఉన్నాయి. ఎవరైనా వచ్చి ఏది చెల్లుతుందని అడిగితే ఈ లెటర్ల కాపీలే చూపించాలి.

రైటర్ల మీటింగ్ శనివారం పెట్టాం. మెమోలో "పెన్‌డ్రైవ్‌తో సహా హాజరు కావలెను" అని రాస్తుంటే ఏఓ గారు నవ్వారు. పిలిచేది దేనికో చెప్పొద్దన్నాను. ముందే చెబితే ఖాళీ పెన్‌డ్రైవ్‌లు తెస్తారు.