నల్లపూసలు చూసి పరామర్శ

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళిన కొత్తలో సిటీ బస్సులో నా పక్కన ఒకతను వచ్చి కూర్చున్నాడు. ఒళ్ళంతా నలుపు, సున్నం కొట్టినట్టు మొహం, కళ్ళకి ఇంతేసి కాటుక. క్షుద్రపూజలవాడే అనుకుని రెండు స్టాపుల ముందే దిగిపోయాను.

ఇంటికొచ్చి చెబితే అమ్మాయి ఒకటే నవ్వు. "గోత్‌లమ్మా వాళ్ళు! నల్లబట్టలూ చీకటి పాటలూ అంటే ఇష్టం, అంతే. కార్తీకంలో మన వీధినిండా నల్లబట్టల స్వాములే కదా, వాళ్ళని చూసి పారిపోతావా? ఉండు, అక్టోబరు ఆఖర్లో సముద్రపు ఒడ్డున విట్బీ అనే ఊళ్ళో వాళ్ళ తిరనాళ్ళకి నిన్ను తీసుకెళ్తా."

అన్నట్టుగానే తీసుకెళ్ళింది. లీడ్స్ నుంచి డబుల్ డెక్కర్ బస్సులో మూడు గంటల పైనే. పికరింగ్ దాటాక చెట్టూ చేమా లేని బీడు కొండలు. ముందు సీట్లో నల్ల లేసు గొడుగు పట్టుకున్న ఓ జంట టిఫిన్ డబ్బా విప్పి గుడ్డు శాండ్‌విచ్‌లు తింటోంది. క్షుద్రపూజల మీద నా నమ్మకం అక్కడే సగం సడలింది.

దారంతా అమ్మాయి పాఠమే. గోత్ అన్నది ఒకప్పుడు తిట్టట. 410లో రోమ్‌ని కొల్లగొట్టిన తెగల్లో ఒకదాని పేరది. వెయ్యేళ్ళ తర్వాత ఇటలీ పండితులు తమకు నచ్చని మొనదేలిన కమానుల చర్చిల్ని 'గోతిక్' అని ఈసడించారు. ఆ చర్చిల శిథిలాల్లో దయ్యాల కథలు పుట్టాక ఆ మాటకి చీకటి అంటుకుంది. ఇప్పటి గోత్‌లు మాత్రం పాటల్లోంచి వచ్చినవాళ్ళు. పంక్ సంగీతం జోరు తగ్గుతున్న రోజుల్లో, 1979లో, నార్తాంప్టన్ కుర్రాళ్ళ బౌహాస్ బృందం డ్రాక్యులా వేషం కట్టిన పాతకాలపు నటుడి మీద తొమ్మిది నిమిషాలు దాటిన పాటొకటి విడుదల చేసింది. 1980లో లీడ్స్‌లోనే సిస్టర్స్ ఆఫ్ మెర్సీ అనే బృందం మొదలైంది. 1982లో లండన్‌లో బ్యాట్‌కేవ్ అనే క్లబ్బు తెరిచారు. గబ్బిలాల గుహ! పేరు అలా పెట్టుకుంటే జనం భయపడరూ?

విట్బీలో దిగితే ఊరంతా నలుపే. విక్టోరియా కాలం గౌన్లు, పొడవాటి టోపీలు, చక్రాల కుర్చీలో ఒక పెద్దాయన, ఆయన ఒళ్ళో నల్లకోటు తొడిగిన కుక్కపిల్ల. 1994లో జో హాంప్‌షైర్ అనే ఆవిడ తన కలం స్నేహితుల్ని నలభై మంది వరకు ఇక్కడ పోగేస్తే, అదే ఇంత తిరనాళ్ళయింది. ఈ ఊరే ఎందుకంటే డ్రాక్యులా కోసం. ఆ నవల రాసిన బ్రామ్ స్టోకర్ 1890 వేసవిలో ఇక్కడే బస చేశాడు, డ్రాక్యులా అన్న పేరు ఈ ఊరి లైబ్రరీ పుస్తకంలోనే చూశాడు.

కొండమీద చర్చికి 199 మెట్లు. నా లెక్కకి 197 వచ్చాయి, మోకాళ్ళు మాత్రం నాలుగొందలన్నాయి. శవపేటికలు మోసేవాళ్ళు దించుకోవడానికి కట్టిన చదును దగ్గర నేను చతికిలబడితే, ముక్కుకి మూడు రింగులున్న ఒక కుర్రాడు చెయ్యందించి పైదాకా తీసుకెళ్ళాడు. సముద్రపు గాలికి అక్షరాలు అరిగిపోయిన సమాధులు పైన వరసగా ఉన్నాయి. డ్రాక్యులా సమాధి ఎక్కడని అడిగేవాళ్ళూ ఉంటారట! కథలో మనిషికి సమాధేమిటి?

ఆ ఊళ్ళో సోఫీ లాంకాస్టర్ పేరున ఒక బెంచీ ఉంది. లాంకషైర్‌లోని బేకప్ పార్కులో, 2007 ఆగస్టులో, నేలమీద పడున్న ప్రియుడి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఈ గోత్ పిల్లని కుర్రాళ్ళ గుంపు తన్ని చంపింది. ఇరవై ఏళ్ళు. ఆమె చేసిన తప్పల్లా వేషం వేరుగా ఉండటమే. ఇలాంటి దాడుల్ని గ్రేటర్ మాంచెస్టర్ పోలీసులు ద్వేష నేరాలుగా నమోదు చెయ్యడం 2013లో మొదలుపెట్టారు. బస్సులో నేను దిగిపోవడం గుర్తొచ్చింది. నేనెవర్నీ తన్నలేదు, నిజమే. కానీ బస్సులో నా పక్కన కూర్చున్నతను నేను లేవడం చూసే ఉంటాడు.

కిందికి దిగాక జెట్ నగల కొట్లోకి వెళ్ళాం. కోట్ల ఏళ్ళ కిందటి చెట్లు మట్టిలో కూరుకుపోయి నల్లరాయిలా మారితే అది జెట్. చేతిలోకి తీసుకుంటే రాయంత చల్లగా ఉండదు, దూదంత తేలిక. కొట్టామె ఒక ముక్కని మెరుగులేని పింగాణీ మీద గీస్తే గోధుమరంగు గీత పడింది. గాజుతో అలా పడదట. 1861లో భర్త పోయాక విక్టోరియా రాణి దీన్నే ధరించిందని, దాంతో దేశంలో అందరి సంతాపానికీ ఇదే నగైందని చెప్పింది.

పక్కనే నిలబడ్డ అరవై ఏళ్ళ గోత్ ఆవిడ నా మెళ్ళోకి అదేపనిగా చూస్తోంది. గొంతు తగ్గించి, "చాలా అందంగా ఉన్నాయి. ఎవరు పోయారు?" అని అడిగింది.

నల్లపూసలు! ఒక్క క్షణం నోట మాట రాలేదు. "అయ్యో, ఎవరూ పోలేదు. ఇవి మాకు పెళ్ళి గుర్తు" అని కిటికీలోంచి చూపించాను. బయట మావారు ఒక చేత్తో చేపా చిప్సూ పొట్లం పట్టుకుని, రెండో చేత్తో సీగల్‌తో యుద్ధం చేస్తున్నారు. ఆవిడ నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. "క్షమించు తల్లీ, నలుపు చూసి ఏదో అనుకున్నాను" అంటూ నవ్వాపుకోలేక నా భుజం పట్టుకుంది.

బయటికి రాగానే ఆయన అడిగారు: "ఎవరావిడ? నన్ను చూసి నవ్వుతోందేం?"

"మీరు బతికే ఉన్నారని సంతోషం" అన్నాను.