నే... పలికిన

శ్రీరామనవమి పందిట్లో పద్యం చదవడానికి వచ్చిన పిల్లవాణ్ణి ముందు పేరు అడుగుతారు. పద్యం ఆ తర్వాత. నాకు పద్యం వచ్చేది, పేరు వచ్చేది కాదు.

నత్తి ఉన్నవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. 'నీళ్లు' అనడం కష్టమైతే 'దాహంగా ఉంది' అని తప్పించుకోవచ్చు. 'బాబాయ్' దగ్గర పట్టేస్తే 'చిన్నాయనా' అనొచ్చు. రోజంతా మనసులో ఇలా మాటలు మార్చుకుంటూనే బతికేస్తాం. పేరుకు మాత్రం పర్యాయపదం ఉండదు.

మాది నెల్లూరు జిల్లాలో బుచ్చిరెడ్డిపాళెం దగ్గర ఒక పల్లె. నా నాలుక తిరగడానికి ఇంట్లో చేయని ప్రయత్నం లేదు. తేనెలో అరగదీసిన వసకొమ్ము ఎంత నాకానో లెక్క లేదు. ఊళ్లో వాగుడుకాయల్ని వసపిట్టలంటారు కదా, ఆ పిట్ట నా గొంతులో వాలలేదు. జొన్నవాడ కామాక్షమ్మ గుళ్లో నిద్ర చేయించారు. అమ్మవారి దగ్గర హాయిగా నిద్రపోయాను, అంతవరకే గుర్తు. బళ్లో ఒక అయ్యవారు హాజరు పిలిచేటప్పుడు 'ప్రెజెంట్' అనే మాటలో 'ప్ర' దాటేలోపు తర్వాతి పేరుకు వెళ్లిపోయేవారు. ఎదురుగా నిలబడి ఉన్నా నేను పట్టీలో ఆబ్సెంటు.

మా జేజికి, అంటే అవ్వకు, చదువు రాదు. భాగవతం పద్యాలు మాత్రం విని నేర్చుకున్నవి బోలెడు ఉండేవి. మధ్యాహ్నం మొలగొలుకుల బియ్యం చాటలో పోసుకుని వసారాలో కూర్చుని చెరుగుతూ చదివేది. అక్కడే నేను మొదటిసారి ఈ పద్యం విన్నాను:

పలికెడిది భాగవతమట
పలికించెడివాడు రామభద్రుండట నే
పలికిన భవహర మగునట
పలికెద వేఱొండు గాథ పలుకఁగ నేలా!

పోతన గారి కంద పద్యం. తెలుగువాళ్లలో వినని వాళ్లు తక్కువ. కానీ నత్తివాడి చెవికి ఇది ముందు భయపెట్టే పద్యం. నాలుగు పాదాలూ 'ప'తోనే మొదలవుతాయి. పెదవులు రెండూ బిగించి వదలాల్సిన అక్షరం, మాకు అక్కడే బిగుసుకుపోతుంది. పైగా 'పలుకు' అనే క్రియ ఒక్క పద్యంలో ఐదుసార్లు.

జేజి చాట ఎగరేసే తీరులోనే దీనికి దారి దొరికింది. ఒక్కో ఎగురుకు ఒక్కో గణం, అంటే పాదంలో ఒక్కో ముక్క. పలికెడి, దిభాగ, వతమట. కందంలో ప్రతి గణమూ నాలుగు మాత్రలే. మాత్ర అంటే పొట్టి అక్షరం పలికేంత సేపు. చాట లేస్తుంది, నాలుగు మాత్రలు, బియ్యం పడతాయి. చిత్రమేమిటంటే, చాటకు మాట ఎక్కడ మొదలవుతుందో పట్టదు. 'భాగవతం'లోని 'భా' ఒక ఎగురు నడుమన కలిసిపోతుంది. నా భయమంతా మాట మొదట్లోనే. ఆ మొదలునే పద్యం దాచేసింది. తాళానికి పాడినా, పదిమందితో కలిసి చదివినా నత్తి సడలుతుందని వైద్యులు కూడా చెబుతారు. అప్పట్లో నాకు వైద్యుల మాట తెలియదు, చాట తెలుసు.

పద్యాలు చదివితే నత్తి పోతుందని మాత్రం నేననను. నాకు పోలేదు. ఇప్పటికీ బస్సులో టిక్కెట్టు అడగాలంటే చిల్లరతో పాటు ఊరి పేరు రాసిన చీటీ చేతిలో ఉంటుంది.

ఈ పద్యాన్ని ప్రవచనాల్లో వినయానికి ఉదాహరణగా చెబుతారు. నేనేమీ రాయడం లేదు, రాముడే పలికిస్తున్నాడని కవి తప్పుకున్నాడట. కాదనను. కానీ ఏళ్ల తరబడి ఈ పద్యాన్ని నోట్లో పెట్టుకుని నమిలినవాడిగా నాకు వేరే చోట రుచి తగిలింది. మూడు 'అట'లు చూడండి. భాగవతమట, రామభద్రుండట, భవహరమగునట. అన్నీ ఎవరో అనగా విన్నవే. ఊళ్లో పిల్లవాడి గురించి మాట్లాడేదీ ఇదే 'అట'తోనే. వాడికి నాలుక తిరగదట. వాడికి పెళ్లి కష్టమట. పోయిన జన్మలో ఎవరినో వెక్కిరించాడట. నా చిన్నతనమంతా 'అట'ల మీదే నడిచింది. పోతన నాలుగో పాదంలో 'పలికెద' అంటాడు. దానికి 'అట' లేదు. విన్నదంతా విని, చివర్లో తన మాట తాను చెప్పుకున్నాడు.

ఇంకొకటి ఉంది. రెండో పాదం చివర 'నే' అని ఒంటరిగా నిలబడుతుంది. 'నే పలికిన' అని అర్థం సాగాలి, కానీ పాదం అక్కడే అయిపోతుంది. కందంలో రెండో పాదం, నాలుగో పాదం చివరి అక్షరం గురువే, అంటే రెండు మాత్రల అక్షరమే, కావాలని నియమం. అంటే 'నేను' అనే ఆ మాటను లాగి, నిలిపి పలకమని ఛందస్సే అడుగుతోంది. జేజి సరిగ్గా అక్కడ చాట ఆపి, ఉమక ఊది, రాళ్లు ఏరేది. ఒకసారి నేను 'నే' దగ్గర చాలాసేపు ఆగిపోయి ఏడుపు మొహం పెట్టాను.

"ఆగితే ఏందిరా అబ్బయా? రాళ్లు ఏరుకోవద్దా?" అంది, తల ఎత్తకుండా.

మన నెల్లూరి తిక్కన గారి కథ నాకు తర్వాతెప్పుడో తెలిసింది. మహాభారతంలో విరాటపర్వం మొదలుకుని 15 పర్వాలు తెలుగులో చెప్పిన మనిషి. ఆయన చెబుతుంటే కుమ్మరి గురునాథుడు రాసేవాడని ఐతిహ్యం. యుద్ధం చివర దుర్యోధనుడి స్థితిని సంజయుడు ధృతరాష్ట్రుడికి చెప్పే ఘట్టంలో తిక్కనకు మాట తట్టలేదట. చేతులెత్తేసి "ఏమి చెప్పుదుం గురునాథా!" అన్నాడట. గురునాథుడు అదే రాసేశాడు. చెప్పుదున్ మీద కురునాథా, అంటే కురువంశపు రాజా, కలిస్తే సంధిలో 'క' కాస్తా 'గ' అవుతుంది కదా. లేఖకుణ్ణి పిలిచిన పిలుపే ధృతరాష్ట్రుణ్ణి పిలిచినట్టై పద్యం పూర్తయింది. పోతనకూ ఇలాంటి కథే ఉంది. 'అల వైకుంఠపురంబులో' పద్యం 'దాపల' దాకా వచ్చి ఆగిపోతే రాముడే వచ్చి పూరించి వెళ్లాడని. ఇవి జరిగాయా లేదా అనే వాదన నాకు అవసరం లేదు. ధారగా చెప్పిన పద్యాలు వేలు ఉండగా, జనం తరతరాలుగా కథలు కట్టుకున్నది మాత్రం ఈ కవులు ఆగిపోయిన చోట్లకే.

జేజి పోయింది. చాట అటక మీద ఉంది, అలికి ఎన్నేళ్లయిందో. నిరుడు నవమికి మళ్లీ అదే పందిరి. మైకు అందించిన కుర్రాడికి నా పేరు తెలుసు. నేను తడుముకోవడం చూసి తనే చెప్పబోయాడు. చేత్తో వద్దన్నాను. పానకం బిందె దగ్గర గ్లాసులు కడుగుతున్న ఆడవాళ్లు కడగడం ఆపి చూశారు. పేరు చెప్పాను, మూడు ముక్కలుగా. అది స్పీకరు పెట్టెల్లో అలాగే మూడు ముక్కలుగా మోగింది.

పద్యం ఎత్తుకున్నాను. మొదటి పాదం సాఫీగానే పోయింది. రెండో పాదంలో 'భద్రుం' దగ్గర పట్టేసింది. యతి పడే చోటు, అంటే పాదం మొదటి అక్షరంతో జత కుదరాల్సిన చోటు, గణం మొదలయ్యే చోటు. అక్కడ దాక్కోవడానికి వీల్లేదు. రెండు మూడు భకారాలు మైకులో పోయాయి. పోనిమ్మని దాటి 'నే' దాకా వచ్చి ఆగాను. ఈసారి నత్తి కాదు. బియ్యంలో రాయి ఏరినంతసేపు, కావాలనే.

నేను మర్చిపోయాననుకుంది కాబోలు, ముందు వరుసలో వడపప్పు తింటున్న చిన్నపిల్ల గట్టిగా "పలికిన..." అని అందించింది. తక్కిన పద్యం ఇద్దరం కలిసి చదివాం.