పాయింటు తర్వాత అంకెలు

పర్లాకిమిడి దగ్గర మా హైస్కూల్లో తొమ్మిదో తరగతికి ఈ వారం లైబ్రరీ పాఠం చెప్పాను. పుస్తకాలను విషయాలవారీగా సర్దడానికి 1876లో అమెరికా లైబ్రేరియన్ మెల్విల్ డ్యూయీ పెట్టిన నంబర్లు: 500 సైన్సు, 800 సాహిత్యం, 900 చరిత్ర. బోర్డు మీద రాస్తే అందరికీ ఆవలింతలే. నంబరు చీటీలిచ్చి, పుస్తకం వెతికి తెండి అనేసరికి ఒకటే పరుగులు!

ఒకడు 530.12ని 530.9 తర్వాత పెట్టేశాడు. "పన్నెండు పెద్దది కదా మాస్టారూ!" లెక్కల్లో ఫస్టొచ్చేవాడే. పాయింటు తర్వాత ఒక్కో అంకె విడిగా చూడాలని చెప్పి, పక్కన 530.2 పుస్తకం పెట్టి చూపిస్తే అప్పుడు అర్థమైంది.

వీళ్లు ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. ఒడియా సాహిత్యం 891.456, తెలుగు 894.827. "మధ్యలో ఎవరుంటారు మాస్టారూ?" అని ఓ అమ్మాయి అడిగింది. 892లో హీబ్రూ, అరబ్బీ ఉంటాయన్నాను. మా దగ్గర ఆ పుస్తకాలెక్కడివి! అందుకే ఒడియా, తెలుగు ఒకే అరలో ఆనుకుని ఉన్నాయి.

ఇంతా నేర్పాక బీరువాలకు తాళమేస్తే ఏం లాభం? తాళంచెవి ఇకనుంచి క్లాసు లీడర్ దగ్గరే. పుస్తకాలు పోతాయని స్టాఫ్‌రూమ్‌లో కొందరికి టెన్షన్. పోతే పోనీ, చదవడానికేగా పట్టుకెళ్లేది!