వాసెన కట్టాకే మంచమెక్కాను

ఆ ఏడు ఆవకాయకు ఇరవై కాయలు కొట్టించుకొచ్చాం. నేను కింద కూర్చుని ముక్కలు ఒక్కొక్కటే పొడిగుడ్డతో తుడుస్తున్నాను. పదకొండు గంటలప్పుడు కింది దవడ లాగడం మొదలైంది. పన్ను పుచ్చిందేమో అనుకున్నాను. కాసేపటికి వీపు మీద, రెండు రెక్కల నడుమ, బొటనవేలితో నొక్కిపట్టినట్టు బరువు. వంగి కూర్చున్నందుకు పట్టేసిందనుకున్నాను. మా నాన్నగారికి గుండెపోటు వచ్చినప్పుడు ఛాతీ పట్టుకుని అరుగు మీదే కూలబడ్డారు. గుండె నొప్పంటే అలాగే ఉంటుందని నా లెక్క.

వాము నమిలాను, మజ్జిగ తాగాను. కారం, ఆవపిండి, ఉప్పు సమపాళ్లలో కలిపి, జాడీకెత్తి, వాసెన కట్టాకే మంచమెక్కాను. సాయంత్రం వీధి చివర క్లినిక్‌లో గ్యాస్ అని ఇంజక్షన్ ఇచ్చి పంపారు. ఈసీజీ తీయలేదు. అదే నొప్పి మా వారికి వచ్చి ఉంటే తీసేవారేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

రాత్రి రెండింటికి చెమటలు. కట్టుకున్న నూలు చీర పిండితే నీళ్లు కారేలా తడిసింది, కడుపులో తిప్పుతోంది. నెలసరి ఆగి మూడేళ్లు దాటినా, మళ్లీ ఆ ఆవిర్లే కాబోలని ఫ్యాను పెంచుకున్నాను. మా వారు కంగారుపడి పై వాటాలో ఉండే తోటికోడలిని లేపారు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని చూసి, "అక్కా, ఇది గ్యాస్ కాదు" అంటూనే 108కు ఫోను చేసింది.

ఈసీజీలో తేడా, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ ఎక్కువ, బీపీ 168/102. తెల్లవారేసరికి మణికట్టు దగ్గరి నుంచి సన్నని గొట్టం పంపి యాంజియోగ్రామ్ చేశారు. గుండె ముందు భాగానికి రక్తం తీసుకెళ్లే ధమని 90 శాతం పూడుకుపోయింది. స్టెంటు వేశారు.

మర్నాడు డాక్టరుగారు అడిగిన ప్రశ్న విని తెల్లబోయాను. "కాన్పులప్పుడు బీపీ ఏమైనా వచ్చిందా అమ్మా?" వచ్చింది. 26 ఏళ్ల కిందట కాళ్లు వాచి, మూత్రంలో ప్రొటీన్ పోయి, నెల ముందే అమ్మాయిని తీశారు. కాన్పుతో బీపీ పోయింది, కాగితాలూ పోయాయి. అలా వచ్చినవాళ్లకు తర్వాత గుండెజబ్బు ముప్పు దాదాపు రెట్టింపట. గర్భంతో ఉండగా షుగర్ వచ్చినవాళ్లకూ ముప్పు ఎక్కువేనట. నెలసరి ఆగాక ఈస్ట్రోజన్ అనే హార్మోను అండ కూడా తగ్గుతుంది కాబట్టి ఏటా బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకుంటూ ఉండాల్సిందన్నారు. మా వారికి మూడు నెలలకోసారి షుగర్ పరీక్ష చేయించేది నేనే, వారానికి సరిపడా మాత్రలు డబ్బాలో సర్దేదీ నేనే. నా బీపీ ఎంతో మాత్రం ఆ రాత్రి వరకు నాకు తెలియదు.

ఇంటికొచ్చాక నెల రోజులు భయంతోనే గడిచింది. స్నానానికి వెళ్లినా తలుపు గడియ పెట్టుకునేదాన్ని కాదు. మేడ మీద ఐదు నిమిషాల నడకతో మొదలుపెట్టి, డాక్టరుగారు సరేనన్నాక వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంటకు వచ్చాను. స్టాటిన్ మాత్రతో చెడ్డ కొలెస్ట్రాల్ 142 నుంచి 64కు దిగింది.

ఉప్పు దగ్గరే కష్టమైంది. మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే టీస్పూను కంటే తక్కువ. లెక్క వేసి చూస్తే మా ఇద్దరికీ కిలో ప్యాకెట్టు నెలకే అయిపోయేది, ఆవకాయ ఉప్పు కాకుండా! ఇప్పుడు మూడు నెలలు వస్తోంది. ఆ ఏటి జాడీ తోటికోడలికి ఇచ్చేశాను. ఆదివారం మాత్రం ఒక్క ముక్క అడిగి తెచ్చుకుంటాను, అది డాక్టరుగారికి తెలియదు.

మా అమ్మాయికీ నిరుడు కాన్పులో బీపీ వచ్చింది. "అది తగ్గిపోయిందిలే అమ్మా" అంది ఫోనులో. ఆ కాగితాలు ఎక్కడున్నాయో వెతికించి తెప్పించుకున్నాను. బీరువాలో పట్టుచీరల అర ఖాళీ చేసి, ఆ ఫైలు నా ఫైలు పక్కనే పెట్టాను.