అవ్వ చెయ్యి

"అవ్వ చెయ్యి ఇంకా లేవడం లేదు కదా. నేను ఆ వాక్యం చెప్పను" అంది మా పదేళ్ల కూతురు. చిత్తూరులో, మా అమ్మ ఇంట్లో, రాత్రి కుటుంబ ప్రార్థనలో అందరి ముందూ.

సెలవులకు రాకముందు డాలస్‌లో ఆరు వారాలు కూర్చోబెట్టి బట్టీ పట్టించాను. 'నా కృప నీకు చాలును, బలహీనతయందు నా శక్తి పరిపూర్ణమగుచున్నది.' బైబిల్లో రెండో కొరింథీ పత్రిక 12వ అధ్యాయం, 9వ వచనం. 'పరిపూర్ణమగుచున్నది' దగ్గర తడబడితే మళ్లీ మొదటినుంచి చెప్పించేదాన్ని. తెలుగూ వస్తుంది, భక్తీ వస్తుంది అనుకున్నాను. అర్థం ఒక్కసారీ చెప్పలేదు. పక్షవాతం వచ్చిన అవ్వకు ఈ మాటతో నయమైపోతుందని అది నమ్ముకుని వచ్చింది.

ఆ రాత్రి కోప్పడ్డాను. బంధువుల ముందు పరువు పోయిందన్న బాధే ఎక్కువ. "బిడ్డను కసరద్దు మే, అడగనీ" అంది అమ్మ.

అది ఏడ్చి పడుకున్నాక బైబిల్ తీసి పై వచనాలు చదివాను. 'శరీరంలో ముల్లు' అని తాను పిలిచిన బాధను తీసెయ్యమని, ఆ పత్రిక రాసిన పౌలు దేవుణ్ణి మూడుసార్లు వేడుకున్నాడు. వచ్చిన జవాబు ఈ వాక్యమే. ముల్లు ఉండగానే మనిషిని నిలబెట్టడమూ దేవుని శక్తేనని పొద్దున దానికి చెప్పాను.

"మరి నయం చెయ్యమని నువ్వు రోజూ ఎందుకు అడుగుతావు?"

అడుగుతాను. రేపూ అడుగుతాను. పిల్లలకు వచనం నేర్పేముందు దాని ముందూ వెనకా చెప్పండి అని తోటి తల్లులకు రాద్దామనుకున్నా. చెప్పాక వచ్చే ఈ ప్రశ్నకు నా దగ్గరే జవాబు లేదు.

ఫిజియోథెరపీకి రాయవేలూరు సీఎంసీకి వెళ్తుంటే, 1900లో అమెరికన్ మిషనరీ డాక్టరమ్మ ఇడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆసుపత్రి ఇది అని చెప్పాను. "ఒక్కటేనా?" అని రెండుసార్లు అడిగింది. ఇంకేమీ అనలేదు.

అమ్మ సాయంత్రాలు బైబిల్ చదువుకుంటుంది. ఫ్యాన్ గాలికి పేజీలు తిరిగిపోకుండా ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి కాగితం మీద పెట్టుకుంటుంది. చచ్చుబడిన ఆ వేళ్లు ఒక్కొక్కటీ పరుచుకుని పేజీని పట్టి ఉంచుతాయి. నిన్న ఆ చేతిని రెండు చేతులతో ఎత్తి పెట్టింది మా అమ్మాయి. వేళ్లు సరిచేసి పక్కనే కూర్చుంది.

వాక్యం ఇంకా చెప్పలేదు. నేనూ అడగలేదు.