పాలరాపు గుట్ట కింద ఒక పొద్దు

కాజీపేటలో రైలెక్కి కాగజ్‌నగర్‌లో దిగాను. బెజ్జూరు అడవికి పోతున్నానంటే టీ కొట్టాయన అడిగాడు: "పులి కోసమా సార్?" రాబందుల కోసం అన్నాను. గ్లాసు అందిస్తూ నన్ను ఎగాదిగా చూశాడు. పొద్దున్నే తలిచే పేరు కాదు కదా.

మాది పరకాల వైపు. చిన్నప్పుడు ఊరవతల గొడ్డు చస్తే, మేం బడి నుంచి వచ్చేసరికి బొక్కలే మిగిలేవి. నేను ఇంటర్‌కొచ్చేనాటికి ఆ రాబందుల గుంపులు రావడం మానేశాయి. ఎందుకని ఎవరం అడగలేదు.

దారి చూపే పెద్దమనిషి వెనకాలే పెద్దవాగులోకి దిగాను. జనవరి చలికి మోకాళ్ల లోతు నీళ్లే కొరికేస్తున్నాయి. అవతలి ఇసుకలో ఆయన ఆగాడు. గుండ్రటి అడుగు, నాలుగు వేళ్లు, గోళ్ల జాడ లేదు. "మొన్నటిది. అంచులు రాలినయ్ సూడుండ్రి" అన్నాడు. మహారాష్ట్రలోని తాడోబా అడవుల నుంచి ప్రాణహిత నది దాటి పులులు ఇటు వస్తుంటాయి. ఒక ఫొటో తీసుకుని ముందుకు నడిచాను. నా చూపంతా గుట్ట మీదే ఉంది.

నిట్టనిలువు బండ, దాని మీద సున్నం ఒలికినట్టు తెల్లటి చారలు. అవి రెట్టలు. గూడెక్కడో వెతకనక్కర్లేదు, చార మొదలైన చోటికి బైనాక్యులర్ తిప్పితే చాలు. బండ అరల్లో పదకొండు పక్షులు లెక్కపెట్టాను. ఎండ బాగా ఎక్కేదాకా ఒక్కటీ కదల్లేదు. "మా కోళ్లే నయం" అని ఆయన నవ్వాడు. బద్ధకం కాదది. ఐదారు కిలోల ఒంటిని రెక్కల బలంతోనే ఎత్తుకు తిరిగితే తిన్నదంతా దానికే పోతుంది. బండ వేడెక్కి గాలి పైకి లేవాలి, అప్పుడు దాని మీదెక్కి తేలాలి. చివరికి ఒకటి అంచు మీంచి జారింది. రెండు మీటర్లకు పైబడ్డ ఆ రెక్కల నీడ మా తలల మీదుగా ఇసుకలో పాకిపోయింది. ఈకల్లో గాలి కోసుకుపోయే చప్పుడు కూడా వినిపించింది. నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను, ఫొటో సంగతే మరిచి.

గొడ్లకు నొప్పికీ వాపుకీ వేసే డైక్లోఫెనాక్ వీటి కొంప ముంచింది. ఆ సూదేసిన కొద్ది రోజులకే చచ్చిన గొడ్డును తింటే రాబందు కిడ్నీలు పాడైపోతాయి. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించేసరికి ఈ జాతిలో 90 శాతానికి పైగా పోయాయి. ఏడాదికి పెట్టేది ఒకే గుడ్డు. పోయినవి ఎప్పటికి నిండాలి?

ఆయనకిది చెప్తే కాసేపు ఆలోచించాడు. "మా ఎద్దు కాలు వాస్తే పోయినేడు సూదేపిచ్చిన. ఏం సూదో నాకేమెరుక?" రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ ఉందని, ఈసారి అదడగమని చెప్పాను. చెప్తుంటే మా ఇంటి గోడగూట్లో బర్రె కోసం నాయిన తెచ్చిపెట్టిన సీసా గుర్తొచ్చింది. ఏళ్లకేళ్లు అక్కడే ఉండేది. పేరు నేనూ చదవలేదు.

మధ్యాహ్నానికి పది ఎగిరిపోయాయి. ఒకటి మాత్రం గూట్లోనే కూర్చుంది, గుడ్డు మీద కావొచ్చు. ఆడా మగా వంతులేసుకుని పొదుగుతాయి. దాని జోడు వస్తే చూద్దామని రైలు వేళ దాకా వాగొడ్డునే కూర్చున్నాను. రాలేదు.